నన్ను చంపేశారు మామయ్యా

మామయ్యకి నమస్కారాలు.

హాస్టల్ బాగానే ఉంది. నిన్న సాయంత్రం నన్ను చంపేశారు. అందరం గుండ్రంగా కూర్చున్నాం, సీనియర్ అక్క కన్ను కొట్టింది, నేను చచ్చి పక్కకి వాలిపోయాను. కొత్తవాళ్ళకి బెరుకు పోవాలని రోజూ ఏదో ఒక ఆట ఆడిస్తున్నారు. నా గదిలో అమ్మాయి వచ్చిన దగ్గర్నుంచి నోరు విప్పలేదు. మూగనోము అని పేరు పెట్టాం. నిన్న అదీ చచ్చింది. చచ్చాక పడీ పడీ నవ్వింది.

నీ మేనకోడలు

తా.క.: రేపు కళ్ళకి గంతలు కట్టి మెట్ల మీద నడిపిస్తారట. కంగారు పడకు.

*

చిరంజీవి మేనకోడలికి ముందు ఆశీస్సులు, తర్వాత చీవాట్లు.

కళ్ళజోళ్ళ కొట్లో కూర్చుని ఇన్నేళ్ళుగా కళ్ళే చూస్తున్నాను. కన్ను కొట్టేవాళ్ళని నమ్మకూడదు. చదువుకోమని పంపిస్తే చచ్చి పడుకుంటున్నావా? ఆటే కదా అంటావు. పిల్లి కూడా ఎలుకతో ఆడుకుంటున్నాననే అంటుంది. మీ ప్రిన్సిపాల్‌కి ఘాటుగా రాశాను.

మామయ్య

తా.క.: మీ అమ్మకి చెప్పలేదు. చెబితే నన్ను చంపుతుంది, కన్ను కొట్టకుండానే.

*

మామయ్యకి, నమస్కారం పెట్టబుద్ధి కాకపోయినా.

ఎంత పని చేశావు. ప్రిన్సిపాల్ గారు నీ ఉత్తరం అందరి ముందూ చదివారు. "మా పిల్లని మీ సీనియర్లు హత్య చేస్తున్నారు" అన్న చోట ఆయనే ఆగి మంచినీళ్ళు తాగారు. ఆటలన్నీ ఆపేశారు. ఇప్పుడు సాయంత్రమైతే ఎవరి మంచం మీద వాళ్ళు గోడవైపు తిరిగి పడుకుంటున్నాం. మళ్ళీ పెట్టమని నువ్వే రాయి.

నీ మేనకోడలు

తా.క.: ఆపేసేముందు ఆడిన గంతల ఆటలో నన్ను చెయ్యి పట్టుకుని నడిపించనా అని మూగనోమే అడిగింది. అది నాతో అన్న మొదటి మాట.

*

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

సరే, తొందరపడ్డాను. మళ్ళీ రాశాను. ఆటలు పెట్టండి, కాకపోతే చంపడాలు, కన్ను కొట్టడాలు, గంతలు, ఒకరి మీద ఒకరు పడటాలు వద్దన్నాను. పెళ్ళి సంబంధానికి కూడా ఇంత వివరంగా రాయలేదు.

మామయ్య

తా.క.: అరవడం కూడా వద్దన్నాను.

*

మామయ్యకి,

నువ్వు వద్దన్నవన్నీ తీసేస్తే ఒక్క ఆట మిగిలింది. కదలకుండా, మాట్లాడకుండా కూర్చునే పోటీ. మొదటి బహుమతి మూగనోముకే వచ్చింది. మర్నాడు బహుమతి మంచం మీదే వదిలేసి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ ఊరు నీకు రెండు స్టేషన్ల దూరం. ఒకసారి వెళ్ళి చూసిరా.

నీ మేనకోడలు

తా.క.: దయచేసి ఎవరికీ ఉత్తరం రాయకు.

*

చిరంజీవి మేనకోడలికి,

పోయిన వారమే వెళ్ళాను. నీకు రాయడానికి ముఖం చెల్లక ఆగాను.

ఆ అమ్మాయి అన్నా వదినా దగ్గర ఉంటోంది. మందుల షాపులో పనికి చేరిపోయింది. కాలేజీలో సీటు ఇంకొకరికి ఇచ్చేశారట. భోజనానికి ఇంటికొచ్చినప్పుడు చెప్పాను: "ఆ ఉత్తరాలు రాసిన మామయ్యని నేనేనమ్మా. నా వల్లే ఆటలు ఆగిపోయాయి."

"వచ్చేసింది ఆటల కోసం కాదండీ," అంది. "మీ ఉత్తరాలు మీ మేనకోడలు గదిలో పైకి చదివేది. అందరూ నవ్వేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది కాదు. నన్ను నిజంగా ఎవరైనా చంపినా మా ఇంటి నుంచి ఒక్క ఉత్తరం ముక్క రాదు అనిపించేది."

కళ్ళు బాగా కనిపిస్తున్నాయా అని అడిగాను. బాగానే కనిపిస్తున్నాయండీ అంది.

ఇంటికొచ్చి తనకి ఉత్తరం మొదలుపెట్టాను. నిన్ను తిట్టడానికైతే కాగితం చాలదు. ఆ అమ్మాయిని తిట్టే చనువు నాకెక్కడిది? "వేళకి తిను" అని రాసి ఆగిపోయాను.

మామయ్య

తా.క.: ఆ ఒక్క ముక్కే పోస్టు చేశాను. జవాబు రాలేదు. ఇవాళ ఇంకోటి రాస్తున్నాను.