మధ్య గది స్తంభం

క్యోటో, నిషిజిన్
నవంబరు

ప్రియమైన షిజుయే,

మీ అక్క నడుం నొప్పి తగ్గిందా? ఇక్కడి దిగులు పెట్టుకోకు. రోజూ మీ తలుపు తీసి, కిటికీలు తెరిచి, నీ మగ్గం మీద దుమ్ము దులిపి వస్తున్నాను. మా ఆయనకి మళ్ళీ కారు పిచ్చి పట్టింది. వీధిలో అందరూ ముందువైపు చెక్క జాలీలు పీకించి గాజు తలుపులు పెట్టించి కార్లు ఇంట్లోకే తెచ్చుకుంటుంటే మనమే పాతబడిపోయామని గోల. "ముందు కారు కొనవయ్యా, దూర్చే సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. మూతి ముడుచుకున్నాడు.

నీ మసనో

నాగహామా
డిసెంబరు

ప్రియమైన మసనో,

నువ్వున్నావు కాబట్టే నిశ్చింతగా ఉన్నాను. అక్క లేచి నాలుగడుగులు వేస్తోంది. చెర్రీలు పూసేనాటికి వచ్చేస్తాను, ఒక పెళ్ళికూతురికి పట్టు నడికట్టు నేసివ్వాలి.

ఒక్క మాట. కారుకి చోటు చేయాలని మీ మధ్య గది స్తంభం జోలికి మాత్రం పోనివ్వకు. మన రెండిళ్ళకీ ఒకటే దూలం. దాన్ని మోసేది మీ స్తంభం, దానికి వేలాడేది నా మగ్గం. తీయక తప్పదంటే ముందు నాకు చెప్పవే, వచ్చి మగ్గం దించుకుంటాను. నా బతుకంతా దాని మీదే కదా.

నీ షిజుయే

నిషిజిన్
జనవరి

ప్రియమైన షిజుయే,

పిచ్చిదానా! స్తంభాన్ని ఎవరు ముట్టుకుంటారే? మా ఆయనవి వట్టి కోతలు. ఈ చలిలో పరుగెత్తుకు రాకు, అక్కని చూసుకో. ఊరేసిన ముల్లంగి పంపుతున్నాను, ఇద్దరూ తినండి.

నీ మసనో

నిషిజిన్
మార్చి

మసనోకి,

నిన్న చెప్పకుండా వచ్చాను. మీ గాజు తలుపుల వెనక కొత్త కారు చూశాను. మా తలుపు జరగలేదు, భుజంతో నెట్టాల్సి వచ్చింది. గుమ్మం లోపల వడ్రంగి పేరున్న తువ్వాలు పడి ఉంది. పని మొదలుపెట్టే ముందు ఇంటింటికీ తువ్వాలు ఇచ్చి "చప్పుడవుతుంది, ఓర్చుకోండి" అని చెప్పుకోవడం మన ఆనవాయితీ. మూసిన ఇంటికైతే సందులోంచి లోపలికి వేస్తారు. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. నువ్వు ఒక్కనాడూ మా ఇంట్లో అడుగు పెట్టలేదు.

దూలం కుంగింది. మగ్గం ఒక పక్కకి ఒరిగి, సగం పడుగు దారాలు తెగి వేలాడుతున్నాయి. వడ్రంగిని పిలిపిస్తే బిత్తరపోయాడు. "అదేంటమ్మా, స్తంభం అక్టోబరులోనే తీశాం కదా! 'దూలం దిగుతుందేమో, పక్కింటావిడ్ని అడగండి' అని మేమంటే, 'అడిగాను, సరేనంది' అని మసనో గారే చెప్పారు" అన్నాడు.

అంటే నీ మొదటి ఉత్తరం నాటికే స్తంభం లేదు. నేను బతిమాలుకుంటూ రాసింది చదివి ఏమనుకున్నావే? నవ్వుకున్నావా?

మీ ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన నాకేమీ మాటివ్వలేదు. అక్క దగ్గరికి వెళ్ళనా మాననా అని నేను ఊగిసలాడుతుంటే "వెళ్ళవే, నేను లేనూ" అంటూ నా పెట్టె సర్దింది నువ్వు.

ఈ ఇంట్లో ఇక మగ్గం నిలబడదట. రేపటినుంచి విప్పిస్తున్నాను, సుత్తుల చప్పుడు ఉంటుంది. పక్కింటివాళ్ళకి ముందుగా చెప్పాలి కాబట్టి ఈ ఉత్తరం.

పక్కింటి షిజుయే