ఫిర్యాదు నకలు

మార్చి 4, 1988

ప్రియమైన ఇడెల్లా అక్కకి,

ఫోన్ చేయలేదని తిట్టుకోకు. ఫోనంటేనే భయంగా ఉంది. మూడు రోజులుగా నేను పనిచేసే లాండ్రీ ఎదురుగా ఒక బూడిదరంగు కారు ఆగుతోంది. నిన్న అందులోంచి ఒక ముసలాయన దిగి లోపలికొచ్చాడు. టోపీ తీసి, "కోరిన్ టేట్ అంటే మీరేనా అమ్మా?" అన్నాడు.

"కాదు. నా పేరు మే గ్రాంజర్" అన్నాను. నాలుగేళ్ళుగా అమ్మ పుట్టింటి పేరుతో బతుకుతున్నాను కదా, ఆ పాత పేరు వినగానే రాయిస్ విరిచిన మణికట్టు మళ్ళీ నొప్పెట్టింది. ఆయన కార్డు చూపించాడు. హోబర్ట్ లండీ, ప్రైవేట్ డిటెక్టివ్, రాష్ట్ర లైసెన్సు నంబరు 2176. ఆ మొగుడు మహానుభావుడు రాయిసే పంపి ఉంటాడక్కా. ఇంకెవరికి కావాలి నేను?

నీ కోరిన్

మార్చి 9

కోరిన్ తల్లీ,

నీ ఉత్తరం చదువుతుంటే చేతిలో కాఫీ చల్లారిపోయింది. నంబరు గుర్తుపెట్టుకుని మంచి పని చేశావు. ఈ డిటెక్టివ్‌లకి దేవుడంటే భయముందో లేదో గానీ, లైసెన్సు బోర్డంటే మాత్రం వణుకు. ఫిర్యాదు ఫారం దీంతో పంపుతున్నాను. జరిగింది జరిగినట్టు రాయి. అసలు పేరూ చిరునామా లేకపోతే తీసుకోరట, అవీ రాసి సంతకం పెట్టు. వాడి పని బోర్డే చూస్తుంది.

నీ అక్క ఇడెల్లా

మార్చి 14

ప్రియమైన అక్కా,

పంపేశాను. మణికట్టు సంగతీ, రాయిస్ తలగడ కింద తుపాకీ సంగతీ, అన్నీ రాశాను. చివర్లో కసికొద్దీ ఇంకో మాట కూడా రాశాను: "ఈ మనిషి ఇంకెప్పుడూ ఈ పని చేయకుండా చూడండి." కారు రావడం మానేసింది. అయినా లాండ్రీ తలుపు గంట మోగితే చాలు, నా చేతిలో బట్టలు జారిపోతున్నాయి.

నీ కోరిన్

మార్చి 21

చిట్టితల్లీ,

కొరివితో నీ తల నేనే గోకాను. మా చర్చిలో పాడే ఆల్మా లాయరు దగ్గర టైపిస్టు. మాటల్లో ఆమెకి చెబితే నోరు నొక్కుకుంది. "అయ్యో, ఫిర్యాదు నకలు ముందు ఆ డిటెక్టివ్‌కే పంపుతారు కదే!" అంది. నీ పేరూ చిరునామాతో సహా! ఇరవై రోజుల్లో ఆయన జవాబివ్వాలి. జవాబు అందాక ఆ ఫైలు అడిగినవాళ్ళందరికీ చూపిస్తారట. ఆయన చెప్పకపోయినా రాయిస్ బోర్డుకి వెళ్ళి చదువుకోవచ్చు. నువ్వు కాదన్న పేరుకి నీ చేతే సంతకం పెట్టించాను. నన్ను తర్వాత తిట్టుకుందువుగాని, ముందు అక్కడినుంచి బయటపడు.

నీ పాపిష్టి అక్క

ఏప్రిల్ 6

ప్రియమైన అక్కా,

నేనెక్కడికీ వెళ్ళలేదు. నీ ఉత్తరం అందగానే పెట్టె సర్దుకుని తలుపు తీస్తే, గుమ్మంలో ఆ ముసలాయనే. చేతిలో నా ఫిర్యాదు నకలు. తలుపు మూసేయబోయాను.

"పారిపోకండమ్మా" అన్నాడు. "మీ ఆయన తానొక లాయరునని నాతో చెప్పుకున్నాడు. మీ అమ్మగారి ఆస్తి మీకు అప్పగించాలన్నాడు. శుభవార్త మోసుకొస్తున్నాననుకున్నాను. ఇది చదివాకే కళ్ళు తెరుచుకున్నాయి. దొరకలేదని వాడికి చెప్పేశాను."

"మరి బోర్డుకి జవాబు?"

"జవాబంటూ రాస్తే మీరు దొరికారన్న నిజమే రాయాలి, ఆ ఫైలు మీ ఆయనా చదువుతాడు. అందుకే రాయను."

నేను నమ్మలేదక్కా. తలుపుకి కుర్చీ అడ్డంపెట్టి, సర్దిన పెట్టె మీదే కూర్చుని రోజులు లెక్కపెట్టాను. ఇవాళ బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. కవరు చింపడానికి అరగంట పట్టింది.

"గడువు ముగియకముందే హోబర్ట్ లండీ జవాబివ్వకుండా తన లైసెన్సు వదులుకున్నందున మీ ఫిర్యాదును మూసివేసి, ఇక ఎవరూ చూడకుండా ఫైలుకు సీలు వేశాము. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయనపై వచ్చిన ఫిర్యాదు ఇదొక్కటే. ఆయన ఇకపై ఈ వృత్తి చేయరు."

నేను కోరిందీ అదే కదక్కా.

నీ కోరిన్