ఉరవకొండలో నీ పేరు వినపడింది

అమ్మా,

ఇల్లొదిలి వచ్చిన నన్ను బిడ్డా అని చేరదీసిన నువ్వు పోయి ఈ పొద్దుకి ఏడాది. నువ్వుంటే గంతులేసే మాట ఒకటుండాది.

హిజ్రాలంతా వారం వారం పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలని ఎమ్మెల్యే ఒకాయన అసెంబ్లీలో బిల్లు పెడతాడని తెలిసింది. గుత్తి నుంచి మనోళ్ళంతా ఉరవకొండలో ఆయనింటికి పోయినాము.

“ఏమప్పా, బస్టాండులో మీ గోల ఎక్కువైందంట?” అన్యాడు.

“గోల చేసినోళ్ళను పిలిచి అడుగన్నా. మేము గుత్తిలో శెనక్కాయలు ఒలిచి బతికేవాళ్ళం. ఏం దొంగతనం చేసినామని సంతకం పెట్టల్ల?” అని అడిగేసినా.

ఇంతలో వాళ్ళమ్మ లోపల్నుంచి వచ్చింది. “మీరు గుత్తి లచ్చుమమ్మ మనుషులా?” అనింది. నీ పేరే అమ్మా! కొడుకు దిక్కు తిరిగి, “రేయ్, నీ పెండ్లిలో గొంతు పోయేదాకా పాడింది ఆయమ్మే. ఆయమ్మ బిడ్డలను స్టేషన్‌కు తోలతావా?” అని అరిచింది.

ఆయన తల గోక్కున్యాడు. “పోండమ్మా, బిల్లు పెట్టను. ఇంకెవరన్నా పెట్టినా ఒప్పుకోను,” అన్యాడు. ముసలమ్మ మాకు బొరుగులు, కాఫీ పెట్టి పంపింది.

బస్సులో నీ పాటలే పాడుకుంటా వచ్చినాము. పక్కసీట్లో చంటిబిడ్డతో కూర్చున్న ఒకామె మొదట దూరం జరిగింది. కాసేపటికి తనూ గొంతు కలిపింది. తర్వాత, “కొంచేపు పట్టుకో అక్కా,” అని బిడ్డను నా ఒళ్ళో పెట్టి నిద్రపోయింది. బిడ్డ యాడ లేస్తుందోనని గుత్తి వచ్చేదాకా నేను కదల్లేదు.

నీ సరోజ