జాబితాలో ఆరో పేరు

బందరు, 1958 ఫిబ్రవరి, మంగళవారం.

ఇవాళ నేను పనిచేసే ప్రెస్సుకి మా కాలేజీ నోటీసు అచ్చుకొచ్చింది. హాజరు చాలక ఈసారి బి.ఎ. పరీక్షకి కూర్చోనివ్వని వాళ్ళ జాబితా. అక్షరాలు పేర్చుకుంటూ పోతున్నాను. ఆరో పేరు నాదే. అదీ పేర్చాను.

ప్రూఫు చూస్తూ ఫోర్మన్ వెంకయ్యగారు తలెత్తారు.

"ఇది నువ్వే కదటయ్యా?"

"నేనేనండీ."

"ప్రిన్సిపాలుగారిని అడక్కపోయావా?"

"అడిగానండీ. ఉద్యోగమో చదువో తేల్చుకోమన్నారు."

తేల్చుకోవడానికి ఏముంది? జీతం లేకపోతే కాలేజీ మొహమే చూసేవాణ్ణి కాదు. ఆ జీతం కోసమే రెండేళ్ళుగా పొద్దుటి క్లాసులన్నీ పోగొట్టుకున్నాను.

వెంకయ్యగారు మళ్ళీ ప్రూఫు మీదికి వంగారు. నా పేరులో ఒక అక్షరం తప్పు పడిందని చూపించారు. సరిచేసి అచ్చుకిచ్చాను. రేపు ఆ కాగితాలు కాలేజీలో ఇచ్చి రావలసింది కూడా నేనే.

నా పరీక్షల కోసం మొవ్వలో అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేయిస్తోందట. ఇందాక ఉత్తరం మొదలుపెట్టాను. "అమ్మకు వందనములు" అని రాశాక కలం ముందుకు సాగలేదు.