పటంలో ఖాళీ గడికి వారసురాలు

సుల్తానాబాద్ నివాసి తోమాసు కుమారుడనైన నేను, రూబేను, వయస్సు ఇరవై ఏడు, బొమ్మలు గీయడంలో డిగ్రీ పుచ్చుకున్నవాడను, కరీంనగర్ ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నది ఏమనగా: జబ్బు నా రక్తంలో ఉంది గాని తలకెక్కలేదు. తెలివి సక్రమంగా ఉందని డాక్టరు, ఎప్పుడూ లేదని మా చెల్లె స్తుతి చెబుతున్నారు. డాక్టరు మాటే చెల్లును.

1. నా కుంచెలు, రంగులు స్తుతికి. సన్నకుంచెతో కాటుక దిద్దుకున్నచో ఈ దానం రద్దు.

2. నా నీలం అంగి బాపుకు. గుడ్డ మీద గడులుగా గీసే పటంలో కథ చెప్పాలంటే ఒకే మనిషిని గడి గడికీ మళ్లీ గీయాలి. చూసేవాళ్లు గుర్తుపట్టడానికి బట్టల రంగు మార్చకూడదు. నా కథ గీసుకున్న పటంలో పుట్టి పెరిగిందంతా నీలం అంగిలోనే. "ఊళ్లె ఏమనుకుంటరు రా, కొడుక్కు ఒక్క అంగే కొనిచ్చిండు అనరా?" అని బాపు ఇంకా అలకమీదే ఉన్నాడు. అంగి ఉతికే ఉంది.

3. ఆఖరి గడి తప్ప పటమంతా అవ్వకు. మొదటిసారి విప్పి చూపితే, "గీ పోరగాళ్లంత ఎవలు రా?" అన్నది. అందరూ నేనేనన్నాను. చాలాసేపు చూసి, "గట్లయితే ఒక్కడు పోయినా మిగిలినోళ్లు నా దగ్గర్నే ఉంటరు గదా" అన్నది. నేను జోకు వేయాల్సిన చోటు అది. పటం చుట్టేశాను.

4. నాతో ప్రధానం అయిన ఆరాధన, వచ్చే శనివారం ఈ వార్డులోనే పెళ్లి అంటున్నది. పాస్టరు గారికి కూడా చెప్పేసింది. పటంలో రెండు గడుల నడుమ పూలతీగ గీస్తే, కాలం గడిచి కథ ముందుకు పోయిందని అర్థం. మేమిద్దరం ఉన్న గడి పక్కన నేను తీగ గీసేశాను. "తీగనే గదా, జర పక్కకు జరుపు" అన్నది. రంగు ఆరింది, జరగదన్నాను. తీగ అవతలి ఖాళీ గడి ఆమెది. ఎవరినైనా గీయించుకోవచ్చు, నీలం అంగివాణ్ణి తప్ప. దాన్ని కత్తిరించి ఆమె చేతిలో పెట్టే బాధ్యత నా దోస్తు ముత్యానిది. ఏడ్చుకుంటూ వంకరగా కత్తిరించరాదు.

5. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు వీలునామాలో రాసిన ఆస్తి దక్కదని వకీలు తిరుమల గారు చెప్పారు. కావున వాటా ఉన్నవాళ్లెవరూ కలం ముట్టరాదు.

కరీంనగర్, 14 నవంబరు 2024.

(సంతకం) రూబేను

సాక్షులు:
1. పద్మలత, ఈ వార్డు నర్సు
2. ఆరాధన. కలం నా చేతిలోంచి లాక్కుని సంతకం పెట్టింది. అంతా చదివాకే పెట్టింది.