ఏక్ అరక

ఏప్రిల్ 11, మరైగూడ
పొలాలు కొలిచే అమీను ఉద్యోగంలో ఇది నా పదకొండో ఊరు. పటేలు తన పశువుల కొట్టంలో సగం ఖాళీ చేయించి ఇచ్చాడు. మిగతా సగంలో దూడలు. వాటికి నా మీద ఫిర్యాదు లేదు, నాకు వాటి మీదా లేదు. పొద్దున్నే గొలుసు పట్టుకుని పొలాల మీద పడటం, మిట్టమధ్యాహ్నానికి మాడి మసై రావడం. పటేలు ఇంటినుంచి జావ. రోజుకొక పేజీ ఇంగ్లీషు, అది మాత్రం మానను. కుంట బజారులో కొన్న పాత నిఘంటువు... మొదటి ఆకులు చెదలు తిన్నాయి. నాకు దొరికేవన్నీ అలాంటివే.

ఏప్రిల్ 12
ఊరందర్నీ పటేలు కూర్చోబెట్టాడు. ఎవరికెంత పొలం ఉందో ముందు వాళ్ల నోటితోనే చెప్పించి రాయాలి, తర్వాత గొలుసుతో కొలిచి సరిచూడాలి. సంస్థానం పద్ధతి అది. "ఎన్ని ఎకరాలు?" అని అడిగితే చాలామంది కుంచాల్లో చెప్పారు, ఇన్ని కుంచాల విత్తనం పడుతుందని. ఒకడు రెండు చేతులూ చాపి చూపించి ఊరుకున్నాడు. వాటిని ఎకరాల్లోకి తిప్పేసరికి తల వాచిపోయింది. జోగయ్య అని ఒక ముసలాయన మాత్రం టక్కున చెప్పాడు — "ఆరు ఏకరకలు." మధ్యలో ఒక 'క' ఎక్కువైంది, పళ్లూడిన నోరు కదా అనుకున్నాను. ఎకరాల్లో చెప్పే మనిషి దొరికాడన్న సంబరంతో 6 అని గుండ్రంగా రాసి వేలిముద్ర వేయించాను.

ఏప్రిల్ 14
కాలి మడమ పగిలింది. ఇప్పనూనె రాసుకుని పడుకున్నా. పేజీ చదవలేదు.

ఏప్రిల్ 27
జోగయ్య పొలం కొలిచాం. రెండెకరాలు. గొలుసు మెలికపడిందేమోనని మళ్లీ కొలిచాం. రెండే. ముసలాయన మా వెనకే నడిచాడు, గొలుసును చూసుకుంటూ. "దీనికి అలుపు రాదా?" అని అడిగాడు. రాదన్నాను. "అట్లయితే దీనికేం తెల్సు" అన్నాడు, నిజంగా జాలిపడుతున్నట్టు. గొలుసు మీద జాలిపడ్డ మనిషిని ఇన్నేళ్లలో చూడలేదు.

ఏప్రిల్ 28
మా పై అధికారి నాయబు గారు గుర్రం మీద దిగారు. రిజిస్టరు తిరగేశారు. చెప్పింది ఆరు, తేలింది రెండు. కళ్లెర్రబడ్డాయి. "చార్ ఏకడ్! చార్ ఏకడ్!" అని ఒకటే అరుపు. నాలుగెకరాలు అడవి నరికి లోపల ఎక్కడో దాచాడని ఆయన అనుమానం. జోగయ్యకి హిందీ బజారు మట్టుకే. ఆయన చెవికి 'ఎక్కడ' అని వినబడింది. "ఎక్కడేందయ్యా, ఇక్కడే" అని చెయ్యి చుట్టూ తిప్పి చూపించాడు. నాయబు మళ్లీ "ఏకడ్!" — ఈయన ఇంకాస్త గట్టిగా "ఇక్కడే!" చెవిటివాడితో మాట్లాడినట్టు. గొలుసు మనుషులు నవ్వాపుకోలేక తునికి పొదల చాటుకి పోయారు. నేనూ పెదవి కొరుక్కున్నాను.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అడవి నరికి దాచినవాడికి పట్టా ఇవ్వరట. ఉన్న రెండెకరాలూ రిజర్వు అడవి గీత లోపలికి పోతాయట. జూన్‌లో సెటిల్‌మెంటు దొర వచ్చినప్పుడు ఖాయం చేస్తారు.

ఏప్రిల్ 29
ఆ 6 రాసిన చెయ్యి నాదే.

ఏప్రిల్ 30
జోగయ్య ఇంటికి పోయాను. చిక్కుడు పందిరి కింద కాడికి పలుపు పేనుతున్నాడు. ఎందుకలా చెప్పావు తాతా అంటే ఆశ్చర్యపోయాడు.

"నువ్వే గద అడిగినవ్, ఏకరకం ఎంతని."

"ఎకరం తాతా."

"అదే. ఏక్ అరక. ఏక్ అంటే ఒకటి, బజారోల్ల మాట. అరక మనది. ఒక్క అరక ఒక దినం దున్నేది. నాకు ఆరు దినాలు పడ్తది. తప్పేంది?"

సగం హిందీ, సగం తెలుగు. తనకి తెలియని మాటని అందుబాటులో ఉన్న రెండు ముక్కలతో అతికి వాడుకున్నాడు. మేం ఊరూరా ఆ మాట విసురుతూ పోయాం, దాని అర్థం చెప్పాలని ఒక్కడికీ తట్టలేదు. తట్టనిది నాకే. చదువుకున్నవాణ్ణి కదా!

ఇంటావిడ ఇప్పపూలు ఎండబోస్తూ అడిగింది, "పొలం బోతదా బాబూ?" పోదు అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో.

మే 2
దొరికింది!

అసలు ఇంగ్లీషువాళ్లు ఆ మాటని ఎక్కడినుంచి తెచ్చుకున్నారో చూద్దామని నిఘంటువు తీశాను. చెదలు తినగా మిగిలిన మూడో ఆకులో ఉంది. వెయ్యేళ్లు పైబడిన మాటట. మొదట ఎకరమంటే కొలత కానే కాదు. ఉత్త తెరిపి నేల. ఆ తర్వాత దున్నే నేల. ఆ తర్వాత — ఈ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను — ఒక కాడి ఎడ్లు ఒక రోజులో దున్నగలిగినంత నేల. చాలాకాలానికి రాజులు చట్టాలు చేసి పొడవింత, వెడల్పింత అని బిగించారు. ఎద్దులు పోయి కర్ర వచ్చింది, కర్ర పోయి గొలుసు వచ్చింది. మాట మాత్రం పోలేదు.

జోగయ్యకి ఏ నిఘంటువూ తెలియదు. తప్పుగా విని, తిన్నగా పాత అర్థంలోకి పోయి కూర్చున్నాడు. కొట్టంలో ఒక్కణ్ణే పైకి నవ్వాను. దూడలు బెదిరాయి.

మే 3
ఈ మాటకి లాటిన్‌లో అన్నదమ్ములున్నారట. సంస్కృతంలో 'అజ్ర'మట, అదీ పొలమే. ఎంతమంది రైతుల నోళ్లలో నానిందో. పదేళ్లుగా రోజుకి నూరుసార్లు పలుకుతున్నాను, ఒక్కనాడైనా దీని మొహం చూడలేదు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

మే 6
ఫర్లాంగు! అదీ అంతేనట. నాగటి చాలు పొడవు. ఎడ్లు ఆగకుండా లాగి, ఊపిరి తీసుకోవడానికి నిలబడేంత దూరం. భద్రాచలం బాట మీద ఎన్ని ఫర్లాంగు రాళ్లు లెక్కపెట్టుకుంటూ నడిచానో... ప్రతి రాయి దగ్గరా ఒక జత ఎడ్లు రొప్పుతూ నిలబడినట్టే. తాతకి చెప్తే "మరి? చాలంటే అంతే గద" అన్నాడు. ఆయనకి ఇందులో వింతేమీ లేదు.

మే 9
నిన్న గట్టి వాన. నేల పదునెక్కింది. ఒకరోజు దున్ని చూపించమని జోగయ్యని అడిగాను. దేనికని అడగలేదు.

పొద్దు పొడిచేసరికే కాడి కట్టేశాడు. ఎడ్లు బక్కవి, ఈ ప్రాంతపువి, మేకకన్నా రవ్వంత పెద్దవి. నల్లోడు, ఎర్రోడు. డెబ్బై దాటిన మనిషి, వంగిన నడుము. మేడి పట్టుకోగానే ఆ వంపు అందుకే పుట్టిందా అనిపించింది. కర్ర ఎత్తలేదు, తిట్టలేదు. "హో... పద బిడ్డా" అంతే. చాళ్లు దారం పట్టి గీసినట్టు పడుతున్నాయి. నేను గొలుసుతో గీత గీయాలంటే ముగ్గురు మనుషులు, నాలుగు జెండాలు కావాలి. ఒకచోట ఎర్రోడు రొప్పుతూ ఆగాడు. ఈయనా ఆగి, అటు తిరిగి నిలబడ్డాడు. ఎందుకని అడిగితే, "సూస్తే సిగ్గు పడ్తడు" అన్నాడు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి అరక విప్పేశాడు. ఇంకా వెలుతురుంది కదా తాతా అంటే నావైపు చూసి — "వెల్తురుంది. ఎడ్లు లేవు."

దున్నినంత మేరా కొలిచాను. ఎకరంలో మూడో వంతు. అంటే ఆరు రోజులకి రెండెకరాలు. గొలుసు చెప్పిందీ రెండే, తాత చెప్పిన ఆరూ నిజమే! పొలంలోనే కూర్చుండిపోయాను. నా ఉద్యోగంలో ఇంత అందమైన కొలత ఎన్నడూ చూడలేదు.

మే 21
చలిజ్వరం. మూడు రోజులైంది. తాత ఇంటినుంచి చారు వచ్చింది, చింతచిగురుతో. వద్దంటే వినరు.

జూన్ 3
దొర వచ్చారు. మామిడితోపులో డేరా. నిఘంటువు చంకలో పెట్టుకుని పోయాను. నాయబు కళ్లతోనే వారించారు. అయినా చెప్పాను. వచ్చిన ఇంగ్లీషు కొంత, రాని చోట హిందీ. దొర ఆ ఆకు రెండుసార్లు చదివారు. దున్నిన కొలత చూశారు. గట్టిగా నవ్వి, "మీ ముసలాయనకి మా తాతల ఇంగ్లీషు వచ్చు" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కాగితం ముందుకి జరిపారు. రిజిస్టరులో గడి ఒక్కటే ఉందట. అందులో ఎకరమంటే గొలుసు ఎకరమేనట. "ఆరు అన్నది పొరపాటు, నాది రెండు" అని ముసలాయన వేలిముద్ర వేస్తే చాలు, అక్కడితో సరి, పొలం ఆయనదే. వెయ్యకపోతే ఫైలు జగదల్‌పూర్ కచేరీకి పోతుంది. ఎల్లుండి దాకా గడువు. న్యాయంగానే చెప్పారు. పరుగెత్తుకుంటూ వచ్చాను.

జూన్ 4
వెయ్యనన్నాడు.

గంటసేపు బతిమాలాను. పటేలు బతిమాలాడు. ముసలావిడ ఏడ్చింది. జోగయ్య వేళ్లు ముడిచి కూర్చున్నాడు.

"రెండంటే రెండు దినాల్ల అయిపోవాలె. అయితదా? నువ్వు సూసినవ్ గద."

"అది వేరే ఎకరం తాతా. కాగితం ఎకరం."

"కాయితం నువ్వు రాస్కో. నా నోటితోటి నేనెట్ల చెప్త? అడివి కొట్టి మా అయ్య చేసిన పొలం అది. అయ్య పేర నిలబెట్టిన రాయి అండ్లనే ఉంది. ఆరు దినాల పొలం రెండంటే ఇంటడు ఆయన."

మా చచ్చిపోయినవాళ్లు వింటారని నేనెన్నడైనా ఒక్క మాట నాలిక చివర ఆపుకున్నానా? లేదు. కోపం వచ్చింది, మొండి ముసలాడా అని తిట్టుకుంటూ వచ్చాను. కొట్టం చేరేసరికి కోపం లేదు. అంత మొండి మనిషి మా ఇంట్లో ఒక్కడుంటే బాగుండేది అనిపించింది.

జూన్ 5, పొద్దున
నిఘంటువులో ఇంకొకటి కనబడింది. చచ్చిపోయినవాళ్లను పూడ్చే చోటుని ఇంగ్లీషువాళ్లు 'దేవుడి ఎకరం' అంటారట. అక్కడ గొలుసు ఎవడూ వెయ్యడు. తాత వాళ్ల అయ్య రాయి దగ్గరకి పోయి చూశాను. నిలువెత్తు రాయి, దాని చుట్టూ కూడా చాలు వంకరపోకుండా ఒంపు తిరిగింది.

జూన్ 5, మధ్యాహ్నం
నాయబు పిలిచారు. మెత్తగానే. "అంగూఠా అంగూఠా హై. వేలిముద్ర ఎవరిదైతే ఏంది? వేసి పడెయ్. ముసలాడి మేలుకే కదా." నిజమే. సిరా బిళ్ల నా దగ్గరే ఉంది, బొటనవేలు నాకూ ఉంది. ఒక్క నిమిషం పని. పొలం దక్కుతుంది, తాతకి తెలియను కూడా తెలియదు.

రెండుసార్లు బిళ్ల మూత తీశాను. రెండుసార్లు పెట్టేశాను. తాత అబద్ధం చెప్పనన్న పొలానికి నేను దొంగవేలు పెట్టి... తర్వాత ఆ చారు ఏ మొహంతో తాగుతాను?

జూన్ 5, సాయంత్రం
రాసేశాను. గడిలో ఆ 6 అలాగే ఉంచాను. పక్కన ఎర్ర సిరాతో — "రైతు చెప్పినది ఆరు అరకల దినములు. ఎకరమను మాటకు పూర్వార్థము అదియే. గొలుసు కొలత రెండు. రైతు పలికినది సత్యము. పొరపాటు వ్రాసిన అమీనుది." కింద నా సంతకం.

నాయబు చదివి తల పట్టుకున్నారు. "ఖానా ఖరాబ్ కర్ దియా." గడి పాడుచేశాననా, నా బతుకు పాడుచేసుకున్నాననా? ఖానా అంటే గడీ, ఇల్లూ కూడా; రెండర్థాలూ వస్తాయి. ఆయన దేన్ని అన్నారో అడగలేదు. నౌకరీ మీద ఆశ వదులుకోమన్నారు. ఫైలు దొర పెట్టెలోకి పోయింది.

జూన్ 9
కబురు లేదు. తాతకి చెప్పాను ఏం రాశానో. "మంచిగ రాసినవ్" అన్నాడు. దున్నిన పొలం చూసి వాన బాగా పడిందన్నట్టు... అంతే. భయం నాకే.

జూన్ 12
తొలకరి. ఊరంతా అరకలు కట్టారు. జోగయ్య కూడా. ఉత్తరువు వచ్చేదాకా ఆగు తాతా అంటే, "పదును ఆగదు గద" అన్నాడు.

జూన్ 15
జగదల్‌పూర్ నుంచి ఏమీ రాలేదు. పొద్దున రిజర్వు గీతకి రాళ్లు బండి మీద తెచ్చి తాత పొలం గట్టు మీద దించిపోయారు. ఎప్పుడు పాతాలో, అసలు పాతాలో లేదో బండివాడికీ తెలియదు. జోగయ్య వాటిని చూశాడు. ఎడ్లకి తగలకుండా పక్కకి తిప్పి ఇంకో చాలు తీశాడు. మధ్యాహ్నానికి విప్పేశాడు.

ఇవాళ్టికి నాలుగు దినాలు. నాలుగెకరాలు అయింది. ఇంకా రెండున్నాయి.