అమ్మ సాక్ష్యం ఎందుకు వెయ్యలేదంటే

నాంపల్లి,
మంగళవారం.

ప్రియమైన అమ్మకు,

నీ చిన్న కూతురు తబిత ప్రభువు పేరిట చెప్పే వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ అల్లుడు సైలసూ బాగానే ఉన్నాం. మెదక్‌లో నువ్వూ అన్నయ్యా జెర్లిన్ వదినా క్షేమమని రాశావు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని మీ అల్లుడు నవ్వుతున్నాడు. ఫోన్‌లో సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. కాగితమైతే కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదువుతావు.

సైలస్ నడుంనొప్పి తగ్గింది. ఇప్పుడు కూర్చుని చేసే పని ఇచ్చారు. నా గొంతు ఎందుకంత నీరసంగా ఉంటోందని అడిగావు. అలసటమ్మా, ఇంకేం లేదు. కుర్చీలో కూర్చునేదానికి అలసటేమిటి, అసలు నువ్వు చేసే పనేమిటని కూడా అడిగావు కదా, చెబుతాను.

మా ఆఫీసు గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు పైన. ఇంటర్నెట్‌లో ఆరోగ్యం గురించి తెలుగులో రాసేవాళ్లను మేము మా వెబ్‌సైట్‌లో ఒకచోట చేర్చాం. వాళ్లలో డాక్టర్లు తక్కువ. జబ్బుపడి లేచినవాళ్లు, ఇంట్లో రోగికి సేవ చేసినవాళ్లు ఎక్కువ. వాళ్లు పంపినవి చదవాలి, వెయ్యదగ్గవి ఏరాలి, రాయలేకపోతున్నవాళ్లకు ధైర్యం చెప్పాలి, రాసినవాళ్లను ఎవరైనా కామెంట్లలో తిడితే మధ్యలో దూరాలి. ఒకావిడ తన ఆపరేషన్ గురించి రాస్తూ రాస్తూ ఏడుపొచ్చి నాకు ఫోన్ చేస్తుంది. ఇంకొకాయన కాకరకాయ రసంతో కిడ్నీ బాగైందని రాసి, అది వెయ్యలేదని నేను మందుల కంపెనీకి అమ్ముడుపోయానంటాడు. సాయంత్రం ఆబిడ్స్ సిగ్నల్ దాటేసరికి వాళ్ల నొప్పులన్నీ నా ఒంట్లోకి వచ్చినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించబుద్ధి కాదు. మొన్న రోజంతా బ్రెడ్డుతోనే గడిపేశాం. ఊరందరికీ ఆరోగ్యం చెప్పేదాని ఇల్లు ఇలా ఉంది, నవ్వుకో.

మా రచయితల్లో అనసూయ గారని ఒకావిడ ఉన్నారు. ఉండేది అఫ్జల్‌గంజ్‌లో, టీచరుగా రిటైరయ్యారు. మెంతినీళ్లతో తన షుగర్ పోయిందని, మాత్రలు మానేశానని రాసి పంపారు. నేను వెయ్యలేదు. ముందు డాక్టరుకు చూపించుకోండి, ఆయన చెప్పింది కూడా కలిపి రాయండి అన్నాను. ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి ఆఫీసుకే వచ్చేశారు.

"ఏందమ్మా, ఇన్నేండ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన. నాకు రాసుడు రాదంటవా?"

"రాసుడు మంచిగనే ఉంది టీచరమ్మా. మీది సదివి ఎవరన్న గోలీలు బంద్ చేస్తే ఎట్ల?"

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు. తర్వాత అడిగారు.

"మీ అమ్మకు షుగర్ ఉందా?"

"ఔ."

"ఆమెకు గూడ గిట్లనే చెప్తవా?"

ఖాళీ గ్లాసు తీసుకుని లేచాను. వారం తిరక్కుండా ఆవిడ పరీక్ష చేయించుకున్నారు. షుగర్ పోలేదని, మాత్రలు మళ్లీ మొదలుపెట్టానని, మెంతినీళ్లు మాత్రం వదలనని కొత్తగా రాసి పంపారు. నిన్న వేశాం. ఎవరూ ఆవిడను ఎగతాళి చెయ్యలేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "దేవుడు నా షుగర్ తీసేశాడు" అని నువ్వు రాసి పంపిన సాక్ష్యం ఎప్పుడు వేస్తారని ఉత్తరం ఉత్తరానికీ అడుగుతున్నావు. కమిటీ చూస్తోందని నేనూ చెబుతూ వస్తున్నాను. అమ్మా, కమిటీ లేదు గిమిటీ లేదు. ఆపింది నేనే. ముక్కూమొహం తెలియని టీచరమ్మతో అనగలిగిన మాట నీతో అనలేక, లేని కమిటీ చాటున దాక్కున్నాను.

ఇంకొకటి. క్షేమమని రాశావు కానీ, నీ షుగర్ తిరిగి వచ్చిందని నాకు తెలుసు. వదిన ఫోన్ చేసి ఏడ్చింది. "అత్తమ్మ కాలికి పుండైంది తబితా, మానుతలేదు. ఎవ్వరు చూడొద్దని చర్చికి సాక్సులేసుకొని పోతున్నది. గోలీలు ముంగట పెడితే, సంఘంల నిల్చొని సాక్ష్యం చెప్పిన, ఇప్పుడు మింగితే దేవుని పేరు పోదా అంటున్నది" అని చెప్పింది. ఆమెను తిట్టకు. ఆమె కాకపోతే నాకెవరు చెబుతారు?

అమ్మా, నాకు భయంగా ఉంది. నీ మీద కోపంగా కూడా ఉంది. ఉపవాస ప్రార్థనల తర్వాత పరీక్షలో షుగర్ ఒక్కసారి తక్కువ చూపించింది. ఆ సంతోషంలో ఆ ఆదివారమే చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడ్డావు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. నువ్వు అబద్ధం చెప్పలేదు, ఆ రోజు నీకు తెలిసింది చెప్పావు. ఇప్పుడు తెలిసింది వేరు. సాక్ష్యం చెప్పినవాళ్లు మళ్లీ మందు మింగితే విశ్వాసం తగ్గిందని మనవాళ్లు గుసగుసలాడతారు, నాకు తెలుసు. ఆ మాట పడలేక కాలు పోగొట్టుకుంటావా? దేవుని పరువు నీ కాలి మీద ఆధారపడి ఉందా?

శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. ఆదివారం సాక్ష్యాల వేళ నువ్వు లేవద్దు, నేను లేస్తాను. "మా అమ్మకు షుగర్ తిరిగి వచ్చింది. డాక్టరుకు చూపించుకుంది, మాత్రలు వేసుకుంటోంది. ఆమె కోసం ప్రార్థన చేయండి" అని అందరి ముందూ చెబుతాను. చప్పట్లు కొట్టకపోతే మానె. గుసగుసలాడితే నన్ను చూసి గుసగుసలాడనీ. నీకు కోపమొస్తే ఇంటికొచ్చాక నాలుగు దెబ్బలు వెయ్యి, పడతాను.

కానీ సంఘం ముందు నీ కూతురు అబద్ధం చెప్పకూడదు కదా. అందుకని ఈ ఉత్తరం అందిన రోజే వదినను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్లు.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి
తబిత